వీధిపిల్లియు నింటిపిల్లులును

పరమలోభిని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు మన పెద్దలు “పిల్లికి బిచ్చము పెట్టనివాడు” అందురు. పిల్లికి పిడికెడన్నము వేయుట మానవుడు చేయదగిన దయలలో నెల్ల మిక్కిలి చిన్నదనియు, అదియు చేయనివానికి దయ యను మాటయే తెలియదనియు వారి తాత్పర్యము. ఈ సామెత పుట్టిన దేశమున, వాన కురియు రాత్రి గడపయొద్ద నిలిచి అఱచుచున్న పిల్లికూనను లోనికి తెచ్చుకొనువారు పెక్కండ్రుండుట వింత కాదు. అట్టివారిని నేను మెచ్చుకొందును. నేనును వారిలో నొకడను. కాని యింట అదివఱకే నాలుగైదు పిల్లులున్నప్పుడు క్రొత్తగా వచ్చినదానిని తిన్నగా వాని నడుమ విడుచుట దయ కాదనియు, పెక్కుసారులు అది అన్నిటికిని చేటు తెచ్చుననియు నా యభిప్రాయము. ఈ యభిప్రాయము నాకు పుస్తకములవలన కలిగినది కాదు, నష్టమువలన కలిగినది. దానినే చదువరులకు విన్నవించుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా యింట నాలుగు పిల్లులుండెడివి. ఒకటి పండ్రెండేండ్ల ముసలిది, ఒకటి దాని కూతురు, తక్కిన రెండును ఆ కూతురికి పుట్టిన మూడునెలల కూనలు. శ్రావణమాసమున నొకనాటి సాయంకాలము మా చిన్నమ్మాయి బడినుండి వచ్చుచు, కూరగాయల అంగడి ప్రక్క నొక తోపుడుబండి క్రింద తడిసి వణకుచున్న బూడిదరంగు కూనను చున్నీలో చుట్టి తెచ్చెను. “నాన్నగారూ, దీనికెవ్వరును లేరండీ” అన్నది. ఆ మాటకు నా యొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. నా భార్య దానికి పెరుగన్నము కలిపి పెట్టినది. ఆ రాత్రి అది తక్కిన కూనలతో ఒకే గోనెపట్టపై పండుకొనెను, ఒకే గిన్నెలో తినెను. ఆ దృశ్యమును చూచి మేమందఱమును సంతోషించితిమి.

మూడవనాడు క్రొత్తకూన తిండి మానెను. పచ్చని నురుగు కక్కెను. నీటిగిన్నెపై తల వాల్చి కూర్చుండెనే కాని త్రాగలేకపోయెను. వానలో తడిసినందున జలుబు చేసియుండునని మే ముపేక్షించితిమి. ఐదవనాడది చచ్చిపోయెను. ఎనిమిదవనాడు మా కూనలలో నొకటియు, మఱునాడు రెండవదియు అవే లక్షణములతో పడిపోయినవి. అప్పుడు పశువైద్యునియొద్దకు పరుగెత్తితిమి. ఆయన వానిని పరీక్షించి, “టీకాలు వేయించితిరా?” అని యడిగెను. వేయింపలేదు. “క్రొత్తదానిని ఎన్నాళ్లు వేఱుగ నుంచితిరి?” అని యడిగెను. ఒక్క పూటయు నుంచలేదు. ఆయన మఱేమియు ననలేదు. కూనలలో నొకటి ఆ రాత్రియే పోయెను. రెండవదానికి నాలుగు దినములు సెలైను ఎక్కించిన మీదట అది బ్రదికెను. ముసలిదానికిని, దాని కూతురికిని ఏమియు కాలేదు. మా చిన్నమ్మాయి మాత్రము చాలదినము లెవరితోను సరిగా మాటాడలేదు. తాను తెచ్చిన కూనవలననే యింటికూన చచ్చెనని యెవరును ఆమెతో ననలేదు. కాని యట్టి సంగతులు పిల్లలకు చెప్పనక్కఱ లేకయే తెలియును. ఆ బాలిక తప్పేమియు లేదు. ఆమె చేయవలసినది ఆమె చేసెను. పెద్దవాడనై నేను చేయవలసినది నేను చేయనైతిని.

ఆ వ్యాధికి పాన్‌ల్యూకోపీనియా యని పేరు. రక్తములోని తెల్లకణములన్నియు క్షీణించుట యని దాని యర్థము. దీనిని కలిగించునది పార్వోవైరసు. 1978 ప్రాంతమున కుక్కలలో క్రొత్తగా పుట్టి దేశదేశముల వ్యాపించిన పార్వో వ్యాధికి కారణమైన వైరసు దీనికి దాయాదియే. ఇది ప్రేగుల లోపలి పొరను, ఎముకలలోని మూలుగను పట్టి, శరీరమునకు కాపలాయుండు తెల్లకణముల పుట్టుకనే యాపివేయును. సోకిన పిదప సాధారణముగా రెండు మొదలు పది దినములలో రోగము బయటపడును. టీకా పొందని కూనలకు సోకినచో బ్రదుకునవి కొలదియే. చూలుపిల్లికి సోకినచో పుట్టు కూనల చిన్నమెదడు సరిగా నెదుగక, అవి జీవితమంతయు తూలుచునే నడచును.

ఇంతకన్నను భయంకరమైన సంగతి యొకటి కలదు. ఈ వైరసు రోగితో కూడ నశింపదు. నేలమీదను, గోనెపట్టమీదను, గిన్నెలమీదను, మన చెప్పుల యడుగునను ఒక సంవత్సరము వఱకును నిలిచి యుండగలదు. కూన చచ్చిన మఱునాడు ఇల్లు తుడిచి మఱియొక కూనను తెచ్చుకొనువారు దానిని మృత్యుముఖమునకు తెచ్చుచున్నారన్నమాట. వట్టి సబ్బునీటికి ఈ వైరసు లొంగదు. మొదట మురికినంతయు కడిగి, పిమ్మట బట్టలకు వాడు బ్లీచింగు ద్రావకము ఒక పాలునకు ముప్పదిరెండు పాళ్లు నీరు కలిపి, ఆ నీటితో పది నిమిషములు నేలను తడిసియుండనిచ్చి, తరువాత మంచినీటితో కడుగవలయును. మన యిండ్లలో అలవాటైన ఫినాయిలును పిల్లులున్నచోట వాడరాదు. దానిని విఱిచి బయటికి పంపు శక్తి పిల్లి కాలేయమునకు మిక్కిలి తక్కువ. పాదములకంటినదానిని అది నాకి మ్రింగును. శుభ్రముకొఱకు చేసిన పని విషమై పరిణమించును.

మా ముసలిపిల్లి కేమియు కాకపోవుటను చూచి కొందఱు బంధువులు, “నాటుపిల్లులకు రోగములు రావు, మీ కూనల యదృష్టము బాగుండలే”దనిరి. ఈ మాట మన దేశమున తఱచుగ వినబడును. అది సత్యము కాదు. ముసలిది ఎన్నడో చిన్ననాట ఈ రోగమును తప్పించుకొని బ్రదికి, దానిని ఎదుర్కొను శక్తిని సంపాదించి యుండును. అట్లు బ్రదికిన యొకదానిని మనము చూచుచున్నాము. బ్రదుకని తోబుట్టువులు మన కంటికి కనబడవు. చచ్చినవాని నెవరును లెక్కపెట్టరు గనుకనే నాటుపిల్లులకు రోగములు లేవను మాట పుట్టినది.

రెండవ భయము జలుబు రోగము. ఇది చూపునకు చిన్నదే. తుమ్ములు, కన్నుల పుసి, ముక్కు కాఱుట, నోటిలో పుండ్లు దీని గుఱుతులు. హెర్పిసు వైరసు, కాలిసి వైరసు అను రెండును దీనికి ముఖ్యకారణములు. పెద్దపిల్లులు చాలవఱకు కోలుకొనును. చిన్నకూనలకు ముక్కు మూసికొనిపోయి వాసన తెలియక తిండి మానును. వాసన లేనిదే పిల్లి తినదు. హెర్పిసు ఒకసారి పట్టిన పిల్లిని దాదాపు జన్మాంతము విడువదు. నరములలో దాగియుండి, ఆ పిల్లికి వ్యాకులత కలిగినప్పుడు మఱల బయల్పడును. ఇచ్చట నొక విశేషము గమనింపవలయును. క్రొత్తపిల్లి రాకయే యింటిపిల్లులకు గొప్ప వ్యాకులత. కావున ఆరోగ్యముగ నున్నట్లు కనబడు ఇంటిపిల్లియే ఆ సమయమున వైరసును వెదజల్లి, నీరసముగ వచ్చిన యతిథికి రోగము నంటింపవచ్చును. అపాయము వచ్చినదానినుండి యున్నవానికి మాత్రమే కాదు, ఉన్నవానినుండి వచ్చినదానికిని కలదు.

మూడవది కంటికి కనబడని భయము. పిల్లులలో రక్తక్యాన్సరును, కంతులను, తీవ్రమైన రక్తహీనతను కలిగించు ల్యూకీమియా వైరసును 1964వ సంవత్సరమున స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరములో విలియం జారెటు అను పండితుడును, ఆయన సహచరులును కనుగొనిరి. ఇది లాలాజలమువలన వ్యాపించును. ఒకదానినొకటి నాకుకొనుటయు, ఒక గిన్నెలో తినుటయు, కాటును దీనికి మార్గములు. అనగా స్నేహమే దీనికి వాహనము. రెండవదగు ఎఫ్.ఐ.వి. అను వైరసు ముఖ్యముగ కాటువలన వ్యాపించును. అది పోరాటమునకు సంబంధించినది. దీని చరిత్ర మన విషయమునకు మిక్కిలి దగ్గఱగ నున్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున పెటలూమా యను ఊర పెక్కు పిల్లులను ప్రోగుచేసి పెంచుచున్న యొకచోట, ఒక గుంపులోని పిల్లులు అనేకములు చచ్చిపోయెను, మఱికొన్ని క్రమక్రమముగ చిక్కిపోసాగెను. అవి ల్యూకీమియా వైరసు లేనివి. నీల్సు పెడర్సను, జానెటు యమమోటో మొదలగు శాస్త్రజ్ఞులు వానిని పరిశోధించి, 1987లో తమ ఫలితములను ప్రకటించిరి. రోగలక్షణములున్న 25 పిల్లులలో 10 పిల్లుల రక్తమునందు ఈ క్రొత్త వైరసు జాడ కనబడెను. బాగుగనున్న 18 పిల్లులలో ఒక్కదానియందు మాత్రమే కనబడెను. ఆ యొక్కటియే నన్ను ఆలోచింపజేయును. పైకి ఏ లోపమును లేక, తినుచు ఆడుచు నున్న పిల్లియందును వైరసు ఉండవచ్చునని అది మనకు తెలుపుచున్నది. “చూడుడు, ఎంత పుష్టిగ నున్నదో! దీనికేమి రోగము?” అను మాట ఎంత బలహీనమో దీనివలన తెలియగలదు.

పురుగుల సంగతి క్లుప్తముగ చెప్పెదను. వీధిపిల్లి బొచ్చులో పేనువలె నుండి దూకులాడు చిన్న పురుగులుండును. వానిని మ్రింగుటవలన కడుపులో బద్దెపురుగులు పుట్టును. తల్లిపాలతోనే కూనలకు ఏలికపాములు సంక్రమించును. చెవులలో కాఫీపొడివలె నల్లని మట్టి కనబడినచో అది చెవిపురుగుల పని. వీనికన్నిటికిని మంచి మందులున్నవి. కాని మందునుగూర్చియే యొక హెచ్చరిక చేయవలసియున్నది. కుక్కల మెడపై పోయు కొన్ని మందులలో పెర్మెత్రిను అను ద్రవ్యముండును. అది కుక్కకు మందు, పిల్లికి విషము. అట్లే జ్వరము తగులగనే మనము మ్రింగు పారాసిటమాలు బిళ్ల యొక్కటి చాలు, పిల్లిని చంపుటకు. వైద్యుడు చెప్పని యే మందును పిల్లికి వేయరాదు.

ఇక మనుష్యుల మాట. ఇందు మొదటిది రేబిసు. ఈ వ్యాధివలన ప్రపంచమున ఏటేట 59,000 మంది మరణించుచున్నారనియు, అందు మూడవవంతునకు పైగా మన దేశమువారే యనియు లెక్కలు చెప్పుచున్నవి. వారిలో నెక్కువమంది కుక్కకాటువలననే పోవుదురు. కాని పిల్లియు ఈ వ్యాధిని తేగలదు. భయపడిన వీధిపిల్లిని పట్టుకొనబోయినప్పుడు అది కఱచుటయు, రక్కుటయు సహజము. అట్టి గాయముపై పసుపు, సున్నము, కారము అద్దరాదు. పాఱునీటిలో సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే వైద్యశాలకు పోయి టీకా వేయించుకొనవలయును. ఆ పిల్లిని పది దినములు కనిపెట్టి చూడవలయును. కాని ఆ పది దినములు గడచుదాక టీకాకై ఆగరాదు. 1885 జూలై 6వ తేదీన లూయీ పాస్టరుగారు జోసెఫు మైస్టరు అను బాలునకు మొట్టమొదట ఈ టీకా వేసిరి. ఆ దినమునే నేడు జంతువులనుండి మనుష్యులకు వచ్చు వ్యాధులనుగూర్చి తెలుపు దినముగ జరుపుచున్నారు. అప్పుడు పెక్కుచోట్ల ప్రభుత్వ పశువైద్యశాలలలో కుక్కలకు పిల్లులకు రేబిసు టీకాలు ఉచితముగ వేయుచున్నారు. పేదయింటి బాలుడును ఈ యవకాశమును వినియోగించుకొనవచ్చును.

తామర పిల్లలకు త్వరగా అంటును. పిల్లి బొచ్చు గుండ్రముగ రాలి పొట్టు లేచినచో దానిని ఒడిలో పెట్టుకొనరాదు. గర్భిణీస్త్రీలు మాత్రము టాక్సోప్లాస్మా యను సూక్ష్మజీవినిగూర్చి జాగరూకత వహింపవలయును. ఇందుకై యింటిపిల్లిని వెడలగొట్టనక్కఱలేదు. ఆ జీవి గ్రుడ్లు పిల్లి మలమునందు వెలువడి, ఒకటి మొదలు ఐదు దినములు గడచినగాని అంటుకొను శక్తిని పొందవు. కావున ఇసుకపళ్లెమును ప్రతిదినమును వేఱొకరు శుభ్రపఱచినచో భయము చాలవఱకు తొలగును. సగము ఉడికిన మాంసమువలనను, కడుగని కూరలవలనను ఇదే జీవి మనకు సోకగలదని మఱువరాదు.

ఇన్ని చెప్పితిని గనుక, వీధిపిల్లిని గడప త్రొక్కనీయరాదని నా మతమనుకొందురేమో! కాదు. గడపకును నట్టింటికిని నడుమ కొన్ని దినముల యెడముండవలయునని మాత్రమే నా మతము. ఇది క్రొత్తమాట కాదు. 1377వ సంవత్సరమున మహామారి భయముచే ఆడ్రియాటిక్ సముద్రతీరమందలి రగూసా పట్టణమువారు, రోగమున్న చోట్లనుండి వచ్చిన వారిని ముప్పది దినములు బయటనే యుంచి, పిమ్మట లోనికి రానిచ్చుచు వచ్చిరి. తరువాత నది నలువది దినములైనది. వారు ఓడలను త్రిప్పి పంపివేయలేదు. వర్తకము మానలేదు. వేచియుండుమనిరి. ఆ వేచియుండుటయే నేను కోరునది.

దాని పద్ధతి యిట్టిది. క్రొత్తపిల్లిని తెచ్చిననాడే తలుపుగల వేఱొక గదిలో ఉంచవలయును. తలుపు క్రింది సందున పాతగుడ్డ దోపవలయును. దాని గిన్నె, దాని ఇసుకపళ్లెము, దాని బొంత వేఱుగ నుండవలయును. ప్రతిదినమును మొదట ఇంటిపిల్లులకు తిండిపెట్టి, కడపట క్రొత్తదానియొద్దకు పోవలయును. తిరిగివచ్చి చేతులు సబ్బుతో కడుగుకొని, పైబట్ట మార్చుకొనవలయును. మొదటి రెండు మూడు దినములలోనే పశువైద్యునకు చూపి, పురుగుల మందు వేయించి, రక్తపరీక్ష చేయింపవలయును. ఒక్క పరీక్షతో తృప్తిపడరాదు. క్రొత్తగా సోకిన ల్యూకీమియా వైరసు ముప్పది దినములకు గాని, ఎఫ్.ఐ.వి. అరువది దినములకు గాని పరీక్షలో కనబడకపోవచ్చును. చిన్నకూనలకు తల్లినుండి వచ్చిన రక్షకపదార్థములు ఎఫ్.ఐ.వి. పరీక్షను తప్పుదారి పట్టించును గాన, ఆఱుమాసములు నిండిన పిమ్మట మరల చేయింపవలయును. పార్వో, హెర్పిసు, కాలిసి రోగములకు కలిపి వేయు టీకాను ఆఱెనిమిది వారముల యీడున మొదలుపెట్టి, మూడు నాలుగు వారముల కొకసారి పదునాఱు వారములు నిండువఱకు వేయింపవలయును. అన్నిటికన్న ముందు మన యింటనున్న పిల్లుల టీకాలు సరిగా నున్నవో లేవో చూచుకొనవలయును. క్రొత్తదానికై ఎంత తొందరపడితిమో, ఉన్నవానికై అంత ముందుగనే తొందరపడి యుండవలసినది.

ఎన్ని దినములు? రెండు వారములకు తక్కువ పనికిరాదు. తామర అనుమానమున్నచో మూడు వారములకు పైబడియు నుంచవలయును. ఈ కాలము వ్యర్థము కాదు. క్రొత్తపిల్లి పండుకొన్న గుడ్డను ఇంటిపిల్లుల యొద్దను, వానిదానిని దీనియొద్దను ఉంచినచో, ముఖము చూడకముందే వాసనవలన పరిచయము కలుగును. కాని యీ గుడ్డల మార్పిడి వైద్యుడు క్రొత్తపిల్లిని ఆరోగ్యముగ నున్నదని చెప్పిన తరువాతనే చేయవలయును. లేనిచో మనము రోగమునే మోసికొనిపోయినవార మగుదుము.

దీనికి కొందఱు చేయు ఆక్షేపణలు నాకు తెలియును. “దిక్కులేక వచ్చినదానిని గదిలో ఒంటరిగ బంధించుట క్రూరము కాదా?” యందురు. వీధిలో కుక్కలకు వెఱచుచు, బండ్ల క్రింద దాగుచు వచ్చిన పిల్లికి నాలుగు గోడలు, వెచ్చని బొంత, వేళకు తిండి చెఱసాల కాదు. నాలుగు పరాయిపిల్లుల నడుమ దానిని ఒక్కసారిగ పడవేయుటయే క్రూరము. గంటకొకసారి ఎవరైన పోయి దానియొద్ద కూర్చుండి మాటాడవచ్చును. ఒంటరితనమును వేఱుగనుంచుట కలిగింపదు, ఉపేక్ష కలిగించును.

“మా యింట రెండే గదులు, వేఱుగది యెక్కడిది?” అని మఱికొందఱందురు. ఈ ఆక్షేపణ న్యాయమైనది. పెరటి స్నానపుగది చాలును. అదియు లేనిచో వసారాలో నొకమూల పెద్ద పంజరము, దానిపై దుప్పటి చాలును. తుమ్మినప్పుడెగయు తుంపరలు నాలుగైదు అడుగుల వఱకు పోవును గాన, ఇంటిపిల్లులు అంత దగ్గఱకు రాకుండ చూడవలయును. అదియును వీలు కానివారు పొరుగింట పిల్లులు లేని స్నేహితుని రెండు వారములకై అడుగవచ్చును. దయకు ఒక్క యిల్లే ఉండవలెనని లేదు.

“ఇంత వ్యయము మావలన కా”దని పలుకువారికి నేను చెప్పునది యొక్కటే. టీకాకయ్యెడి వ్యయము మాకు కొలదిగ నుండెడిది. టీకా లేనందున నాలుగు దినముల చికిత్సకైనది దానికి పెక్కురెట్లు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుటలో మిగులు ఏమియు లేదు.

పరీక్షలో రోగమున్నట్లు తేలినచో నేమి చేయవలయును? కొందఱు దానిని మఱల వీధిలో విడిచివత్తురు. ఇది నాకు సమ్మతము కాదు. పెంపుడు జంతువును తినుటకు లేక బాధపడునట్లు విడిచిపెట్టుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టమునకు విరుద్ధమగుట యటుండనిండు. రోగమున్న పిల్లిని వీధిలో విడిచినవాడు వీధిలోని పిల్లులన్నిటికిని ఆ రోగమును పంచిపెట్టినవాడగును. ఎఫ్.ఐ.వి. ఉన్న పిల్లి, పోట్లాడని తోటిపిల్లులతో చిరకాలము సుఖముగ బ్రదుకగలదు. అది మనుష్యులకంటదు. ల్యూకీమియా వైరసున్నదానికి మాత్రము పిల్లులు లేని యిల్లు వెదకుట మేలు. గండుపిల్లికిని, ఆడుపిల్లికిని సంతాననిరోధ శస్త్రచికిత్స చేయించినచో పోరాటములును, కాటులును, దిక్కులేని కూనలును తగ్గును. వీధిపిల్లుల దుఃఖమునకు వేరు అచ్చటనే యున్నది.

ఇంకొక మాట చెప్పుట కష్టమైనను చెప్పవలసియున్నది. ప్రతి యింటికిని ఒక మితి కలదు. పిల్లుల సంఖ్య పెరిగినకొలది వ్యాకులతయు, ఇసుకపళ్లెముల మురికియు, వానితో రోగములును పెరుగును. పెక్కు పిల్లులున్న యిండ్లలో వ్యాపించు కరోనావైరసు, వానిలో కొన్నిటియందు మార్పుచెంది ప్రాణాంతకమైన కడుపునీరు రోగమగును. దానికి మందున్నదని 2019లో ప్రకటించిన వారిలో పైన చెప్పిన పెడర్సనుగారే ముఖ్యులు. మందు దొరకినది గదాయని మితిమీరుట తగదు. ఐదింటిని చక్కగ చూచుకొనగలవాడు ఆఱవదానికి గడప బయట అన్నము పెట్టి, శస్త్రచికిత్స చేయించి, మంచి యిల్లు వెదకియిచ్చినచో అతడు నిర్దయుడు కాడు. లేదనుట కూడ కొన్నివేళల దయయే.

మా యింటి సంగతితో ముగించెదను. ఆ కూన పోయిన రెండేండ్లకు మా చిన్నమ్మాయి మఱల నొక పిల్లిని తెచ్చినది. ఈసారి అది ఒక చెవి చినిగిన గండుపిల్లి. అది నడవలోనికి రాలేదు. తిన్నగా పెరటి స్నానపుగదికి పోయినది. తలుపుమీద తేదీ వ్రాసిన కాగితమొకటి అంటింపబడినది. నేను దానిని చూచి వచ్చి కుర్చీలో కూర్చుండబోవుచుండగా, “నాన్నగారూ, చేతులు కడుగుకొన్నారాండీ?” అని వంటయింటినుండి ఆమె యడిగెను. కడుగుకొనలేదు. లేచిపోయి కడుగుకొంటిని. ఆ గండుపిల్లి అరువది దినముల పిదప రెండవ పరీక్షయందును నిర్దోషియని తేలి, నేడు మా ముసలిదాని ప్రక్కనే పండుకొనుచున్నది.

విద్యార్థులారా! మీలో ననేకులు ఈ వర్షకాలమున నేదో యొక కూనను సంచిలో పెట్టుకొని యింటికి పోవుదురని నే నెఱుగుదును. తప్పక తీసికొనిపొండు. కాని తలుపొకటి మూయుడు, దినములు లెక్కపెట్టుడు, చేతులు కడుగుకొనుడు. పెద్దలారా! పిల్లవాడు కూనతో గుమ్మమున నిలిచినప్పుడు కోపింపకుడు, ఊరకయు నుండకుడు. వాని దయకు కావలసిన జ్ఞానమును చేర్చుట మన పని. ఆ పని నే నొకసారి చేయలేదు. మీరట్లు చేయకుందురుగాక!